భృతి లేని శిక్షణ పాతబస్తీకి అందదు

వృత్తి విద్యకు, ఉద్యోగ నైపుణ్య శిక్షణకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం ఎన్ని కోట్లు, అందులో బకాయి ఎన్ని కోట్లు అన్న చర్చ తెలంగాణలో ఏళ్ల తరబడి సాగుతున్నది గాని, ఆ సాయం ఏ ఖర్చును భరిస్తున్నది, ఏ ఖర్చును విద్యార్థి కుటుంబం నెత్తిన వదిలేస్తున్నది అన్న ప్రశ్న మాత్రం చర్చకు వచ్చిన సందర్భాలు తక్కువ. కళాశాల ఫీజును ఖజానా చెల్లిస్తే పేదవాడికి చదువు ఉచితమైనట్టేనన్న భావన మీద ఇప్పటి విధానమంతా నిలిచి ఉన్నది. ఆ భావన ఎంత అసంపూర్ణమో హైదరాబాద్ పాతబస్తీ చూపుతున్నది. చార్మినార్, యాకుత్‌పురా, బహదూర్‌పురా, చాంద్రాయణగుట్ట గల్లీల్లో పదో తరగతి పూర్తిచేసిన పిల్లలను చదువు మాన్పించేది చాలా సందర్భాల్లో ఫీజు కంటే, వారు పనిలోకి వెళ్తే ఆ వారమే ఇంటికి చేరే కూలి డబ్బు. ఆ కూలికి బదులు చూపని గ్రాంటు ఆ ఇళ్ల గడప దాటి లోపలికి రాదు. అందువల్ల వృత్తి శిక్షణ పొందే కాలానికి జీవన భృతిని విద్యార్థి హక్కుగా గుర్తించి, నెలనెలా తప్పకుండా చెల్లించే చట్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం తీసుకురావాలి.

పదో తరగతి తర్వాతి చదువులకు ఇచ్చే సాయాన్ని పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం అంటారు. అందులో రెండు భాగాలున్నాయి: విద్యార్థి తరఫున బోధన రుసుమును ప్రభుత్వమే తీర్చే ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకటి కాగా, చదువుకునే కాలంలో తిండికి, పుస్తకాలకు, రాకపోకలకు ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు రెండోది. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఈ వేతనాలు స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు, ఇతర వర్గాల్లోని పేదలకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విస్తరించిన తర్వాత ఇంజినీరింగ్ వంటి చదువులు సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చాయి. అది చిన్న విజయమేమీ కాదు. అయితే కాలక్రమంలో మొదటి భాగం కొండంత పెరిగి, రెండో భాగం నామమాత్రంగా మిగిలింది. మొదటి భాగంలోనూ వెలితి ఉన్నది. పట్టణంలో ఏడాదికి 2 లక్షల రూపాయల లోపు ఆదాయం గల వెనుకబడిన, మైనారిటీ కుటుంబాల పిల్లలకు ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, ఆ తర్వాతి ర్యాంకు వస్తే 35,000 రూపాయల వరకే సాయం అందుతున్నందున, లక్ష దాటిన ఫీజుల్లో మిగిలిన మొత్తాన్ని ఆ కుటుంబం అప్పు చేసి కట్టవలసి వస్తున్నది.

ఇస్తామన్నదైనా సమయానికి అందుతున్నదా అంటే అదీ లేదు. 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం 1956కు ముందునుంచి తెలంగాణలో స్థిరపడిన కుటుంబాలకే సాయమన్న నిబంధనతో ‘ఫాస్ట్’ పథకాన్ని ప్రకటించి, న్యాయస్థానంలో ప్రశ్నలు ఎదురయ్యాక 2015లో వెనక్కి తీసుకున్నది. ఆ ఊగిసలాటలో నష్టపోయినది విద్యార్థులే. ఆ తర్వాత బకాయిలు ఒక ప్రభుత్వం నుంచి మరో ప్రభుత్వానికి వారసత్వంగా వచ్చాయి. 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాల సమాఖ్య బంద్‌కు పిలుపునిచ్చినప్పుడు, టోకెన్లు జారీ అయిన, అంటే బిల్లు మంజూరై ఖజానా దగ్గర వరుసలో నిలిచిన 1,200 కోట్ల రూపాయల్లో సగం వెంటనే, మిగతా సగం దీపావళి నాటికి విడుదల చేస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ హామీ పూర్తిగా నెరవేరకపోవడంతో నవంబర్ 3న కళాశాలలు మళ్లీ మూతపడ్డాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య నలిగేది విద్యార్థి. ఒరిజినల్ ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని యూజీసీ, ఏఐసీటీఈ స్పష్టంగా నిర్దేశించినా, బకాయి తీరేదాకా పత్రాలివ్వని కళాశాలలు ఉన్నాయి. చేతికొచ్చిన ఉద్యోగంలో చేరవలసిన రోజున డిగ్రీ పత్రం లేని పట్టభద్రుడికి ప్రభుత్వం ఖర్చు చేసిన ఫీజు అక్కరకు రాని చుట్టమే అవుతున్నది.

పాతబస్తీ విషయంలో ఈ లోపాలకు మరొక లోపం తోడైంది. ఇక్కడి జీవనాధారం పెద్ద పరిశ్రమల్లో లేదు. లాడ్‌బజార్ వెనుక సందుల్లో లక్క గాజుల కొలుముల దగ్గర, కార్చోబీ, అంటే జరీ ఎంబ్రాయిడరీ మగ్గాల మీద, ఛత్తాబజార్‌లో పెండ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సుల్లో, పత్తర్‌గట్టి బట్టల దుకాణాల్లో, మెకానిక్ షెడ్లలో, ఆటోల్లో ఉన్నది. ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరిన కుర్రవాడు పని నేర్చుకుంటూనే కొంత సంపాదిస్తాడు. ఇంటి గడప దాటే వీలులేని మహిళలు ముక్కకింత అని వచ్చే డబ్బుకు ఇంట్లోనే కుట్టుపని, అద్దకం పని చేస్తారు. లాల్‌దర్వాజ, గౌలిపురా, ఉప్పుగూడలోని దళిత, వెనుకబడిన తరగతుల కుటుంబాల పరిస్థితీ ఇంతకంటే మెరుగ్గా లేనందున దీన్ని ఒక మతానికి చెందిన సమస్యగా చూడటం పొరపాటు. ముస్లింల విద్యా, ఉపాధి వెనుకబాటును దేశస్థాయిలో 2006లో సచార్ కమిటీ, రాష్ట్రస్థాయిలో 2016లో సుధీర్ కమిషన్ ప్రభుత్వాల ముందుంచాయి. అయినా, నేర్చుకుంటూ సంపాదించే ఈ అలవాటును ఆధారం చేసుకుని శిక్షణ పథకాలను రూపొందించాలన్న ఆలోచన విధాన రూపకర్తలకు తట్టలేదు. సంపాదన మానుకుని వచ్చి తరగతిలో కూర్చోవాలని పథకం అడుగుతున్నది. మానుకున్న సంపాదనకు పరిహారం మాత్రం చూపడం లేదు.

సంస్థలు లేవని చెప్పడానికి వీలులేదు. చందూలాల్ బారాదరిలో కులీ కుతుబ్‌షా ప్రభుత్వ పాలిటెక్నిక్, హుస్సేనీఆలంలో మహిళా డిగ్రీ కళాశాల, ఫలక్‌నుమాలో డిగ్రీ కళాశాల, మూసీకి ఆవల మల్లేపల్లిలో ఐటీఐ ఉన్నాయి. జంటనగరాల యువతకు ఉపాధి, శిక్షణ కల్పించడానికి 1978లో ఏర్పడిన సెట్విన్ పేరు చిన్న బస్సుల పుణ్యాన నగరంలో ఇంటింటికీ తెలిసినదే. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పథకానికి 2024 జూన్‌లో మల్లేపల్లిలోనే శంకుస్థాపన జరిగింది. దాని వ్యయం 2,300 కోట్ల రూపాయలకు పైబడినది. రోబోలు, కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాలు వస్తున్నందుకు సంతోషించవలసిందే. కానీ యంత్రం ముందు నిలబడవలసిన కుర్రవాడు రెండో నెలలో మానేసి ఆటో నడపడానికి వెళ్తే, ఆ యంత్రం మీద పెట్టిన పెట్టుబడికి అర్థం లేదు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2025 సెప్టెంబర్‌లో ఈ కేంద్రాల విద్యార్థులకు నెలకు 2,000 రూపాయల చొప్పున ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించడం భృతి అవసరాన్ని అంగీకరించడమే. అయితే వేదిక మీది ప్రకటన మరో బడ్జెట్ నాటికి మారిపోవచ్చు; చట్టంలో చేరిన హక్కును అంత తేలికగా మార్చడం కుదరదు.

శిక్షణ కాలంలో పోయే కూలికి పరిహారం చెల్లించాలన్నది కొత్త సూత్రమూ కాదు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద చేతివృత్తులవారికి శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఇస్తున్నారు. కానీ ఆ పథకం గుర్తించిన 18 వృత్తుల్లో లక్క గాజుల తయారీ లేదు, కార్చోబీ లేదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కినా, వాటిని చేసే చేతులకు ఈ భృతి దక్కలేదు. అప్రెంటిస్‌షిప్ చట్టం, అంటే పనిచోటనే వేతనంతో పని నేర్పే ఏర్పాటుకు 1961లో చేసిన చట్టం, 2019 నాటి నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలకు తప్పనిసరి, నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నచోట ఐచ్ఛికం. ఒక ఉస్తాద్, ఇద్దరు షాగిర్దులతో నడిచే కార్ఖానా ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న వసతి దీవెన పేరిట ఐటీఐ విద్యార్థికి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్ విద్యార్థికి 15,000, డిగ్రీ ఆపై చదువులకు 20,000 రూపాయలు కేటాయించారు. భృతిని ఫీజు నుంచి వేరుచేసి చూడటం ఆ పథకంలోని మంచి. చేతిపని నేర్చుకునేవాడి ఆకలికి తక్కువ వెల కట్టడం అందులోని తప్పు.

ఈ ప్రతిపాదనకు రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. నగదు ఇస్తే దుర్వినియోగం అవుతుందన్నది మొదటిది. అక్రమాలు జరిగాయన్న మాట నిజం. మైనారిటీ ఉపకార వేతనాలపై 2023లో వెలుగుచూసిన పరిశీలనలో 1,572 సంస్థలకు గాను 830 బోగస్‌వో, పనిచేయనివో అని తేలి, వ్యవహారం సీబీఐకి చేరింది. అయితే అక్కడ కథ నడిపినది ఎక్కువగా కాగితాల మీద సంస్థలు సృష్టించినవారు, వారికి సహకరించినవారు. దానికి శిక్ష నిజమైన విద్యార్థికి వేయడం న్యాయం కాదు. అమెరికాలో 1972 నాటి చట్టంతో రూపుదిద్దుకుని, తర్వాత పెల్ గ్రాంటుగా పేరొందిన సాయం విద్యార్థి వెంటే నడిచినా, సంస్థలపై నిఘా సడలినందువల్ల లాభాపేక్షతో నడిచే కళాశాలలు ఆ డబ్బును పీల్చుకున్నాయి. అటువంటి పెద్ద సంస్థల్లో ఒకటైన కొరింథియన్ కళాశాలల గొలుసు 2015లో మూతపడి వేలాది మందిని నడిరోడ్డున వదిలింది. కాబట్టి గట్టి తనిఖీ అవసరమైనది సంస్థల గుమ్మం దగ్గర. రెండో అభ్యంతరం ఖజానా భారం. పని నేర్చుకునే యువతకు యాజమాన్యమే భత్యం చెల్లించి, వారంలో కొన్ని రోజులు వృత్తి పాఠశాలకు పంపే పద్ధతిని 1969 నాటి చట్టంతో స్థిరపరచిన జర్మనీ దాన్ని దానంగా చూడలేదు, పరిశ్రమకు పెట్టుబడిగా చూసింది. మధ్యలో మానేసే చదువుపై, పని ఇప్పించని శిక్షణపై పోసే డబ్బే అసలైన భారం.

చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంటర్ ఒకేషనల్, గుర్తింపు పొందిన స్వల్పకాలిక శిక్షణల్లోని పేద విద్యార్థులందరికీ, నైపుణ్యం అవసరం లేని పనికి నిర్ణయించిన కనీస వేతనంలో మూడో వంతుకు తగ్గని భృతిని నెలనెలా వారి ఖాతాలోనే జమచేయాలి. కళాశాలలకు చెల్లించే ఫీజుకు త్రైమాసిక గడువు విధించి, గడువు దాటితే వడ్డీతో చెల్లించే బాధ్యతను ప్రభుత్వం స్వీకరించాలి. ఆ తర్వాత ధ్రువపత్రం ఆపే యాజమాన్యం గుర్తింపు రద్దు కావాలి. చిన్న కార్ఖానాలను బజారువారీగా ఒక సమూహంగా నమోదుచేసి, వాటిని అప్రెంటిస్‌షిప్ పరిధిలోకి తేవాలి. బోధించే ఉస్తాద్‌కూ గౌరవ వేతనం ఇవ్వాలి. పనివచ్చి కాగితం లేనివారికి పరీక్షపెట్టి ధ్రువీకరించే పూర్వ నైపుణ్య గుర్తింపును పాతబస్తీలో విస్తృతంగా చేపట్టాలి, ఎందుకంటే గల్ఫ్‌కు వెళ్లే వెల్డరుకైనా, ఎలక్ట్రీషియన్‌కైనా ఆ కాగితం జీతంలో తేడా తెస్తుంది. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి ఉర్దూలో పాఠాలు, పగలు పనిచేసేవారికి సాయంత్రం తరగతులు, మహిళలకు నడిచి వెళ్లగల దూరంలో కేంద్రాలు ఏర్పాటు కావాలి. ప్రతి శిక్షణ కేంద్రంలో ఎందరు చేరారు, ఎందరు పూర్తిచేశారు, ఏడాది తర్వాత ఎందరు ఆ పనిలో ఉన్నారు అన్న లెక్కలు బహిరంగంగా ప్రకటించి, కేంద్రానికి ఇచ్చే చివరి విడత నిధులను ఆ లెక్కకు ముడిపెట్టాలి.

సెట్విన్ నుంచి నైపుణ్య విశ్వవిద్యాలయం దాకా ప్రకటనల పరంపరలో పాతబస్తీకి పథకాల కొరత ఎన్నడూ లేదు. 2025లో 6,000 కోట్ల రూపాయలతో ఆర్భాటంగా ప్రకటించిన రాజీవ్ యువ వికాసం స్వయం ఉపాధి పథకం మంజూరు పత్రాల పంపిణీ వాయిదా పడిన తీరు చూశాక, యువత ప్రకటనలను నమ్మకపోవడంలో తప్పేమీ లేదు. పోయిన నమ్మకం తిరిగి రావాలంటే, నెల మొదటి వారంలో శిక్షణార్థి ఖాతాలో భృతి పడాలి, చదువు ముగిసిన రోజున ధ్రువపత్రం చేతికి రావాలి. రానున్న బడ్జెట్‌లో ఈ రెండింటికీ నిధులు, శాసనసభ సమావేశాల్లో ఈ రెండింటికీ చట్టం తీసుకురావడం ప్రభుత్వ బాధ్యత. అందుకు పార్టీలకు అతీతంగా పట్టుబట్టడం పాతబస్తీ శాసనసభ్యుల కర్తవ్యం.