పుట్టికి ఇరవై... పావలాకి ఎంత?

ఇంగ్లీషులో 'స్కోర్' అంటే పిల్లలకి క్రికెట్ పరుగులే గుర్తొస్తాయి. ఆ మాటకి ఇరవై అని పాత అర్థం ఒకటుంది. 1863లో గెటిస్‌బర్గ్‌లో లింకన్ తమ దేశం వయసు ఎనభై ఏడేళ్ళని చెప్పటానికి నాలుగు స్కోర్ల మీద ఏడు అన్నాడు. లెక్క మర్చిపోకుండా కర్రమీద పెట్టే గాటే ఆ స్కోరు. పాలవాడి లెక్కకి తలుపు వెనక సున్నంబొట్లు పెట్టిన ఇల్లాలికి ఇదేం వింత కాదు. పన్నెండు డజన్లయితే గ్రోసు, 144. హుక్కులు, గుండీలు టోకున కొనేవాళ్ళకి తెలిసిందే. ఫోర్ట్‌నైట్ అంటే పద్నాలుగు రాత్రులు. మన పక్షం ఒకరోజు పెద్దది లెండి!

ఇరవై మీద మోజు మనకీ ఉంది. పుట్టికి ఇరవై తూములు, తూముకి నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. తూకంలోనయితే ఎనిమిది వీశెలు మణుగు, ఇరవై మణుగులు ఒక కండి. ఈ కండినే తెల్లదొరలు 'క్యాండీ' చేసుకున్నారు. 1956 చట్టంతో కిలోలు వచ్చి వీశెలూ మణుగులూ పోయాయి గానీ, దూది బేరంలో క్యాండీ మాత్రం కదల్లేదు. అదీ మన పాత కండి కాదు, బొంబాయిది, దాదాపు 356 కిలోలు. పేపర్లో క్యాండీ ధర చూసి మురిసిపోయేముందు ఒకమాట. అది గింజ తీసిన దూది ధర. మన ఇంట్లో ఉన్నది గింజతో పత్తి, అమ్మేది క్వింటాళ్ళలో. అందులో దూది మూడోవంతు మాత్రమే. గుంటూరు మిర్చియార్డు సంగతీ అంతే. వచ్చిన సరుకు టిక్కీల్లో చెబుతారు, ధర క్వింటాలుకి కడతారు.

ఏళ్ళ లెక్కకి వస్తే, మన ముసలమ్మలు చెప్పేది ఉజ్జాయింపని నవ్వేవాళ్ళంటే నాకు కోపం. "కృష్ణా పుష్కరాలకి పెద్దాడు కడుపులో ఉన్నాడు" అందంటే అది 1980 అయినా కావాలి, 1992 అయినా కావాలి. దివిసీమ ఉప్పెనకి పెళ్ళయిందంటే 1977. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? కార్డు రాసేవాళ్ళు అది అడగరు. మొహం చూసి తోచిన ఏడాది వేసేస్తారు. 60 నిండితే గానీ పింఛను రాదు కదా, ఆ తోచిన ఏడాదితో నాలుగైదేళ్ళ డబ్బు పోతుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టే పాత మాట వడ్డీలో ఉంది. పావలా బిళ్ళ 2011లో చెలామణీ నుంచి పోయింది. మాట మాత్రం బతికే ఉంది. 2004లో పొదుపు సంఘాలకి ఇచ్చిన 'పావలా వడ్డీ' అంటే నూటికి నెలకి పావలా, ఏడాదికి మూడు రూపాయలు. అక్కడ అది మేలే చేసింది. అదే లెక్కన ఊళ్ళో 'రెండు రూపాయల వడ్డీ' అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకువాళ్ళు 12 శాతం అంటే "అమ్మో పన్నెండే!" అని వెనక్కొచ్చి, రెండు చిన్నదని షావుకారు దగ్గర తీసుకునేవాళ్ళు ఉన్నారు. చదువుకున్నవాళ్ళు కూడా! ఒకటి నెల లెక్క, ఒకటి ఏడాది లెక్క. ఆ సంగతి అవతలివాడు ఎందుకు చెబుతాడు?

మిరపకి, పత్తికి పెట్టుబడి ఆషాఢంలో కావాలి. కాయ అమ్మి చేతికొచ్చేది ఫాల్గుణంలో. మూడు రూపాయలకి యాభై వేలు తెస్తే నెలకి 1,500, ఎనిమిది నెలలకి 12,000. బ్యాంకులో 12 శాతానికైతే అదే ఎనిమిది నెలలకి 4,000. ఆ తేడా ఎనిమిది వేలు ఎవరి కూలి? పొద్దస్తమానం కళ్ళు మండుతుంటే తొడిమలు తీసినావిడది. కిలోకింతని లెక్కగట్టి ఇచ్చే ఆ డబ్బు ఎనిమిది వేలు కావాలంటే ఎన్ని బస్తాల కాయ ఆమె చేతులమీదుగా పోవాలో! నోటు మీద సంతకం ఆయనది. తాకట్టుకి వెళ్ళిన గొలుసు మాత్రం ఈవిడది.