మీట మీద భరోసా

పెళ్ళిపందిట్లో ముందు వరుస కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. తెల్లచొక్కా కింద కుడి నడుము దగ్గర కొంచెం ఉబ్బెత్తుగా వుంటుంది. అదేమిటో పందిట్లో అందరికీ తెలుసు. దాచిపెట్టుకొన్నానని ఆయన ఒక్కడే అనుకొంటాడు. చనువున్న వారెవరైనా "లోడు చేసి వుందా అన్నా?" అని అడిగితే, "సేఫ్టీ వేసే వుందిలేరా" అని జవాబు వస్తుంది. చిన్న పిస్తోలో, రివాల్వరో నడుముకు దోపుకొని తిరిగే చాలామంది ధైర్యం ఆ ఒక్క మాట మీదే నిలబడి వుంది.

ఆ మాటకు ఎంత విలువ ఇవ్వవచ్చునో ఆలోచించవలసి వుంది. 2024 అక్టోబరు 1న తెల్లవారుజామున ముంబయిలో హిందీ సినిమా నటుడు గోవిందా కాలిలో తూటా దిగింది. శత్రువెవరూ లేరు. ప్రయాణానికి బయలుదేరుతూ తన లైసెన్సు రివాల్వరును బీరువాలో పెట్టబోగా చేయి జారి కిందపడి పేలిందని ఆయన తరఫువారు చెప్పారు. మోకాలి కింద తగిలింది గనుక ఆపరేషనుతో గండం గడిచింది. అదే ఏడాది అమెరికాలో చదువుకొంటున్న తెలుగు విద్యార్థి ఒకరు తుపాకి శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణం పోగొట్టుకొన్నాడు. అతనికి ఆ అదృష్టం కూడా లేకపోయింది.

అసలు సేఫ్టీ అంటే ఒకటి కాదు. ఒక్కొక్క సేఫ్టీ ఒక్కొక్క ప్రమాదాన్ని మాత్రమే ఆపుతుంది. ఏది దేన్ని ఆపుతుందో తెలియకుండా అన్నిటినీ కలిపి "సేఫ్టీ వుంది" అనుకోవడంలోనే చిక్కంతా వున్నది.

రివాల్వరు సంగతి చూద్దాం. పాతకాలపు రివాల్వర్లలో హ్యామరు ముక్కు తూటా అడుగున వుండే క్యాపు మీదనే ఆని వుండేది. హ్యామరు వెనుక గట్టి దెబ్బ తగిలితే చాలు, ట్రిగ్గరుతో పనిలేకుండా తూటా పేలేది. అందుకే ఆరు గదులున్నా అయిదే నింపి, హ్యామరు కింది గది ఖాళీగా వుంచే అలవాటు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో ఒక రివాల్వరు డెక్కు మీద పడి పేలి నావికుడొకరు మరణించారు. ఆ తర్వాతనే స్మిత్ అండ్ వెసన్ కంపెనీ హ్యామరుకూ, తూటాకూ మధ్య అడ్డుగా వుండే ఉక్కు రేకును కొత్త పద్ధతిలో అమర్చింది. ట్రిగ్గరు లాగితేనే ఆ రేకు పక్కకు తప్పుకొంటుంది. లాగకపోతే హ్యామరుకు దెబ్బ తగిలినా అది రేకు మీదనే ఆగిపోతుంది. మరికొన్ని కంపెనీలు దీన్ని తిరగేశాయి. హ్యామరు ఎప్పుడూ తూటాను అందుకోలేదు. ట్రిగ్గరు లాగినప్పుడు మాత్రం మధ్యలోకి ఒక పట్టీ లేచి, హ్యామరు దెబ్బను ఫైరింగ్ పిన్నుకు అందిస్తుంది. రూగర్ కంపెనీ 1973లో తన రివాల్వర్లకు ఈ పద్ధతి తెచ్చింది. తాతల నాటి రివాల్వరు వారసత్వంగా వచ్చినవారు తమదాంట్లో ఈ రేకో, పట్టీయో వుందో లేదో ఒకసారి చూపించుకోవడం మంచిది. వున్నా, అరిగిపోయిందేమో తెలియాలంటే ఆయుధాల మరమ్మత్తు తెలిసినవాడి కన్ను పడాలి.

ఇక పిస్తోలు. పక్కన బొటనవేలితో ఎత్తిదించే మీటనే మనవాళ్ళు సేఫ్టీ అంటారు. చాలా పిస్తోళ్ళలో ఆ మీట చేసే పని, ట్రిగ్గరు లాగినప్పుడు హ్యామరును వదిలిపెట్టే కొక్కేన్ని కదలకుండా పట్టి వుంచడం. అంతవరకే. పిస్తోలు గొట్టం కిందుగా నేలమీద పడితే, లోపల స్ప్రింగు మీద తేలుతున్న ఫైరింగ్ పిన్ను తన బరువుతో తానే ముందుకు దూకి తూటాను తాకవచ్చు. మీట వేసి వున్నా, ఆ పిన్నుకు వేరే అడ్డు లేకపోతే దాన్ని ఆపేవారు లేరు. అందుకోసం పెట్టినదే ఫైరింగ్ పిన్ను బ్లాకు. ట్రిగ్గరు చివరిదాకా వెళ్ళేవరకు పిన్నును ఒక చిన్న గూటం అడ్డగించి వుంటుంది. కోల్ట్ కంపెనీ తన పేరుమోసిన 1911 రకం పిస్తోలుకు దీన్ని 1983లో గాని చేర్చలేదు. అంటే అంతకుముందు నాటి పిస్తోళ్ళు మీట వేసి వున్నా దీని విషయంలో నిరాయుధమే.

పిడి వెనుక అరచేతి కింద నొక్కుకొనే మరో సేఫ్టీ వుంటుంది. చేత్తో గట్టిగా పట్టుకొంటేనే పేలుతుంది. బల్ల మీద వున్నదాన్ని ఎవరైనా వేలితో కెలికితే పేలదు. 1887 నాటి స్మిత్ అండ్ వెసన్ జేబు రివాల్వరుకే ఇది వుంది. నిమ్మకాయ పిండినట్టు పిడి నొక్కాలి గనుక దానికి ఆ పేరే వచ్చింది.

ఈ కాలపు చిన్న పిస్తోళ్ళలో చాలావాటికి పక్క మీట అసలే లేదు. ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకొన్న గ్లాక్ పిస్తోలుతో ఈ వాడుక వ్యాపించింది. ట్రిగ్గరు మధ్యలో సన్నని రెండో ట్రిగ్గరు వుంటుంది. దాన్ని కూడా వేలు నొక్కితేనే పెద్దది కదులుతుంది. లోపల పిన్నుకు ఒక అడ్డు, కింద పడినప్పుడు కొక్కెం జారకుండా ఇంకొకటి వుంటాయి. మూడూ వేలు నొక్కగానే వాటంతట అవే తొలగి, వేలు తీయగానే తిరిగి పడతాయి. కిందపడితే పేలకుండా వుండటానికి ఈ ఏర్పాటు మంచిదే. అయితే ట్రిగ్గరును నొక్కింది వేలా, చొక్కా కొంగా, ప్యాంటు నాడా అన్నది దానికి తెలియదు. నొక్కిందంటే పేలుతుంది.

2008 నవంబరులో న్యూయార్కులో జరిగింది అదే. ప్లాక్సికో బరెస్ అనే పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పిస్తోలును హోల్‌స్టరు లేకుండా నడుముకు దోపుకొని క్లబ్బుకు వెళ్ళాడు. అది ప్యాంటులోకి జారి పేలి, తొడలో తూటా దిగింది. ఆ రాష్ట్రంలో చెల్లే లైసెన్సు కూడా లేకపోవడంతో మరుసటి ఏడాది రెండేళ్ళ జైలుశిక్ష పడింది. ఇక శిక్షణ వున్నవారి మాట. వాషింగ్టన్ నగర పోలీసులు గ్లాకులకు మారిన తర్వాత పదేళ్ళలో వందకు పైగా పొరపాటు కాల్పులు జరిగాయని ఆ ఊరి పెద్ద పత్రికే 1998లో బయటపెట్టింది. శిక్షణ చాలకపోవడమే ప్రధాన కారణమని తేలింది. న్యూయార్కు పోలీసుశాఖ మాత్రం తమవారి పిస్తోళ్ళకు బరువైన ట్రిగ్గరు పెట్టించుకొంది. లాగడానికి దాదాపు అయిదున్నర కిలోల బలం కావలసి వచ్చేది. గురి కొంచెం చెడినా సరే అనుకొన్నారు కాబోలు.

కంపెనీల మాట కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. 2017లో అమెరికా సైన్యం ఎంపిక చేసుకొన్న పిస్తోలుకు మాతృక అయిన సిగ్ సావర్ పి320 బజారు రకం, ఒక కోణంలో వెనుకవైపుగా నేలను తాకితే పేలుతున్నదని అదే ఏడాది ఆగస్టులో గగ్గోలు పుట్టింది. కంపెనీ ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. పిస్తోలు నేలకు తగిలి ఆగినా ట్రిగ్గరు తన బరువుతో ముందుకు పోతూ తానే లాగినట్టయింది. తేలిక ట్రిగ్గరు పెట్టి సరిచేశారు.

ప్రాణాలు తీసే పొరపాటు ఇంకొకటి వుంది. మ్యాగజైను తీసేశాం గనుక ఖాళీ అనుకోవడం. ఒక తూటా అప్పటికే గొట్టం వెనుక చాంబరులో కూర్చుని వుంటుంది. మన పోలీసుల 9 ఎంఎం ఆటో పిస్తోలుకు మాతృకైన బ్రౌనింగ్ హైపవర్‌లో మ్యాగజైను తీస్తే ట్రిగ్గరు పనిచేయకుండా ఒక ఏర్పాటు వుంది. చాలా పిస్తోళ్ళలో అది లేదు. కనుక గొట్టం మనిషి లేనివైపు పెట్టి, వేలు ట్రిగ్గరుకు దూరంగా వుంచి, మొదట మ్యాగజైను తీసి, తర్వాత స్లైడు వెనక్కి లాగి, చాంబరులోకి కంటితో చూసి వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. ఈ వరుస తిరగబడితే, ముందు స్లైడు లాగి తర్వాత మ్యాగజైను తీస్తే, తీసిన తూటా స్థానంలో మరొకటి ఎక్కి కూర్చుంటుంది.

చట్టం ఈ విషయంలో నిద్రపోలేదు. 2016 ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సుకు ఆయుధ భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు జతచేయాలి. బహిరంగ స్థలంలో చేతి తుపాకిని తగిన హోల్‌స్టరులో, పూర్తిగా కప్పి, తన అదుపులో వుంచుకొని తీసుకుపోవాలి. అంటే బొడ్డులో దోపుకోవడం పౌరుషం కాదు, నిబంధన తప్పడం. అజాగ్రత్తగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చినా, ఉత్సవాలలో సరదాకు కాల్చినా రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణ చెబుతున్నది. ఆ సవరణే లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది. ఆఫీసుల చుట్టూ తిరగడం తగ్గిందని లైసెన్సుదారులు సంతోషించారు. అధికారి ఎదుటికి ఆయుధం వచ్చే సందర్భం కూడా అంతే తగ్గిందని ఎవరూ గమనించినట్టు లేదు.

శిక్షణ సర్టిఫికెట్టు కాగితంగా మిగిలిపోకుండా చూడవలసిన బాధ్యత లైసెన్సు మంజూరు చేసేవారిది. రెన్యువలుకు వచ్చిన మనిషిని తన తుపాకి తానే ఖాళీ చేసి చూపమనడానికి అయిదు నిమిషాలు చాలు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయుధాలు ఠాణాల్లో జమ చేయించడం మనకు ఆనవాయితీ. అవి అక్కడ వున్న రోజుల్లోనే జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు ఆర్మరర్‌ను పంపి ఒక్కొక్కదాన్ని పరీక్ష చేయిస్తే అరిగిన కొక్కేలు, విరిగిన స్ప్రింగులు బయటపడతాయి. జమ చేసుకొనేటప్పుడూ, తిరిగి ఇచ్చేటప్పుడూ రైటరు బల్ల మీద, పదిమంది మధ్య తుపాకులు ఖాళీ చేయించే పద్ధతి మాత్రం వెంటనే మానాలి. గొట్టం లోపలికి పెట్టి ఖాళీ చేయడానికి ప్రతి ఠాణా ఆవరణలో ఒక ఇసుకపెట్టె వుంటే చాలు. దానికి కావలసింది నాలుగు మందపాటి పలకలు, రెండు బస్తాల ఇసుక.