మహర్ మాటకు అర నిమిషం

సంబంధం ఖాయం చేసుకునే రోజున పెద్దమనుషులుగా కూర్చోమని మమ్మల్ని అప్పుడప్పుడు పిలుస్తుంటారు. ఇరువైపులవారూ మర్యాదస్తులే. సలాములు, షర్బత్తు, పిల్లవాడి చదువును గురించి నాలుగు మాటలు అయ్యాక అసలు సంగతి మొదలవుతుంది. హైదరాబాదు వైపైతే దానిని ‘జోడే కీ రఖం’ అంటారు. పెళ్లికొడుకు దుస్తుల ఖర్చని దాని అర్థమట! ఏ దుస్తులు అన్ని లక్షలు పలుకుతాయో మాకు నేటికీ బోధపడలేదు. కోస్తా జిల్లాల్లో ఈ ముసుగు లేదు, కట్నమనే అంటారు. ఆపైన మంచం, బీరువా, ఫ్రిజ్, మోటారుసైకిలు. ఎంతమందికి భోజనాలు, బిర్యానీ మటనా, చికెనా. ఇదంతా తేలేసరికి రెండు గంటలు గడుస్తాయి. అందరూ లేచి చెప్పులు వెతుక్కునే వేళకు ఎవరికో గుర్తుకొస్తుంది: “మహర్ ఎంత రాయిద్దాం?” “ఆనవాయితీ ఎంత ఉంటే అంతే.” అర నిమిషంలో ఆ ప్రస్తావన ముగుస్తుంది. ఎవరికి చెందవలసిన సొమ్మో ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ అడగరు.

ప్రభుత్వాలు కూడా మన పెళ్లిళ్లలోకి వచ్చి చాలాకాలమైంది. తెలంగాణలో 2014 అక్టోబరు 2న షాదీ ముబారక్ పథకం 51,000 రూపాయలతో మొదలై, ఆ తర్వాత 1,00,116 రూపాయలకు పెరిగింది. 2023 ఎన్నికల్లో దానికి తోడు తులం బంగారం ఇస్తామన్న వాగ్దానం కూడా విన్నాం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం దుల్హన్ అన్నది, మరొకటి షాదీ తోఫా అన్నది. ఈ పథకాలను మేము తేలికగా తీసివేయము. అమ్మాయికి 18 ఏళ్లు నిండాలన్న నిబంధన వల్ల ఆగిన తొందరపాటు పెళ్లిళ్లు మాకు తెలుసు. షాదీ తోఫాకు వధూవరులిద్దరూ పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలన్నారు, అదీ మంచిదే. చెక్కు తల్లి పేరిట రావడం మరీ మంచిది. కానీ ఇటీవల సంబంధాల సభల్లో ఒక కొత్త మాట వినబడుతున్నది: “చెక్కు ఎలాగూ వస్తుంది కదా!” వరుని తరఫువారు దానిని ముందే లెక్కలో వేసుకుంటున్నారు. పేద తల్లికి ఊరటగా రావలసిన సొమ్ము, ఇంకా రాకముందే జోడే కీ రఖంలో కలిసిపోతున్నది. వేదికపై చెక్కు అందుకుంటూ ఫోటోలో నవ్విన తల్లి, ఆ సాయంత్రమే తెచ్చిన అప్పు తీర్చివస్తుంది. ఇందులో నాయకులను ఎంతని నిందించగలం? చెక్కు ఇచ్చేది వారు, గుంజుకునేది మనం.

1961 నాటి వరకట్న నిషేధ చట్టాన్ని చాలామంది చదివి ఉండరు. కట్నమంటే ఏమిటో నిర్వచించిన సెక్షన్‌లోనే, ముస్లిం వ్యక్తిగత చట్టం వర్తించేవారి మహర్ దాని కిందికి రాదని స్పష్టంగా రాశారు. పార్లమెంటు గుర్తించిన ఈ తేడాను మన ఇళ్లు మరచిపోయాయి. నిషేధించినది రెండు గంటలు మాట్లాడతాం, నిలబెట్టుకొమ్మన్నది అర నిమిషంలో తేల్చేస్తాం.

ఇక్కడ కొందరు ‘జహేజె ఫాతిమీ’ని ముందుకు తెస్తారు. దైవప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి)కు సామాను ఇవ్వలేదా అని అడుగుతారు. హదీసుల్లో కనిపించే ఆ సామాను ఒక కంబళి, ఒక నీటితిత్తి, సువాసనగల గడ్డి నింపిన తోలు దిండు. హజ్రత్ అలీ (రజి) చిన్ననాటి నుండి దైవప్రవక్త (స) పోషణలోనే పెరిగారు. ఆయనకు వేరుగా అమర్చిన ఇల్లంటూ లేదు. మహర్ కోసం తన కవచాన్ని వదులుకున్నారు. ఆ కవచపు సొమ్ముతోనే ఈ అవసరాలు సమకూరాయని ఎందరో పండితుల వివరణ. వరుడు తన కవచం అమ్మిన పెళ్లిని చూపి, వధువు తండ్రి చేత పొలం అమ్మిస్తున్నాం.

మహర్ లెక్కలోని వింతలు కొన్ని చెప్పాలి. తెలంగాణ ప్రాంతపు సియాహాల్లో రూపాయల మొత్తం రాసి, పక్కనే ‘దో దీనారె సుర్ఖ్’ అని చేర్చడం పాత ఆనవాయితీ. రెండు ఎర్ర దీనారులంటే బంగారు నాణేలు. చదివే ఖాజీ సాహెబు చదువుతారు, వరుడు ఖుబూల్ అంటాడు, ఖర్జూరాలు పంచుతారు. ఆ నాణెం ఎంతో ఎవరూ అడగరు. షరీఅత్ దీనారు సుమారు నాలుగుంపావు గ్రాముల బంగారమని సాధారణ లెక్క. రెండూ కలిసి ఎనిమిదిన్నర గ్రాములు. పది గ్రాముల ధర 2025లో లక్ష రూపాయలు దాటింది. అంటే పదకొండు వేల మహర్ అనుకుని తలూపిన పెళ్లికొడుకు, తెలియకుండానే ఎనభై వేలకు పైగా బాకీపడ్డాడు.

మరికొందరు శుభమని 786 రూపాయలు రాయిస్తారు. హనఫీ పండితుల ప్రకారం మహర్ పది దిర్హముల వెండికి, అంటే సుమారు 30 గ్రాములకు తగ్గరాదు. నేటి వెండి ధరలో 786 అందులో నాలుగో వంతు కూడా కాదు. ‘మేము మహరె ఫాతిమీ చాలునన్నాం’ అని నిరాడంబరంగా చెప్పేవారూ ఉన్నారు. దానిని 500 దిర్హములుగా లెక్కిస్తారు. కిలోన్నర వెండి! చెప్పేవారు ఒకసారి వెండి దుకాణంలో ధర అడిగి వస్తే మంచిది.

ఇక ముఅజ్జల్ సంగతి. వెంటనే చెల్లించవలసిన మహర్‌నూ, గడువుతో చెల్లించే మహర్‌నూ అరబీలో వేర్వేరు అక్షరాలతో రాస్తారు గానీ, మన నోట, మన తెలుగు లిపిలో రెండూ ముఅజ్జలే. మన ఇళ్లలో మాత్రం రెండింటికీ ఒకటే అర్థం స్థిరపడింది: ఇవ్వనక్కరలేనిది.

ఎప్పటిదాకా? జనాజా లేచేదాకా. భర్త భౌతికకాయం ముందు కూలబడి ఏడుస్తున్న స్త్రీ చెవిలో ఎవరో ఒకరు, “మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయనకు భారం తగ్గుతుంది” అంటారు. ఆమె ఏమి చెబుతుంది? ముప్పై ఏళ్లలో ఒక్కనాడైనా చేతికి అందని సొమ్మును, ఆలోచించే స్థితిలో లేని గడియలో, నలుగురి నడుమ వదులుకుంటుంది. మహర్ మృతుడి రుణం. వారసులు ఆస్తి పంచుకునే ముందే అందులోంచి తీర్చవలసినది. కొడుకులకు ఈ విషయం చెప్పవలసినచోట, వితంతువుకు క్షమాపాఠం చెబుతున్నాం.

ప్రేమ ఉన్నచోట ఈ లెక్కలెందుకని నేటి యువతీయువకులు కొందరు అడుగుతున్నారు. వారి మాటలో కపటం లేదు. అయితే ఆలుమగల నడుమ ప్రేమను, కరుణను తన సూచనల్లో ఒకటిగా తెలిపిన ఖుర్ఆనే, మహర్‌ను సంతోషంగా ఇవ్వమన్నది. భార్య తన ఇష్టంతో అందులో కొంత వదిలితే నిశ్చింతగా అనుభవించవచ్చునన్నది. ముందు ఇవ్వడం, తర్వాతే వదలడం. చేతికొచ్చిన సొమ్మును “మీ దుకాణానికి పెట్టుకోండి” అని తిరిగి ఇచ్చిన భార్యలో ప్రేమ ఉంది. ఎన్నడూ చూడని సొమ్మును మాఫ్ చేసిన స్త్రీలో ఉన్నది నిస్సహాయత. ఇనుప ఉంగరం కూడా లేని పేద సహాబీకి, తనకు వచ్చిన ఖుర్ఆన్ సూరాలే మహర్‌గా దైవప్రవక్త (స) నికాహ్ చేశారు. పేదరికానికి దారి చూపారు గానీ, మహర్‌ను ఎత్తివేయలేదు.

మన ఆడవారి పేరున దేశంలో నడిచిన రాజకీయం తక్కువది కాదు. 1985 నాటి షాబానో తీర్పు నుండి 2019 తలాక్ చట్టం వరకు టీవీల్లో, సభల్లో గొంతులు చించుకున్నారు. అంత గొడవకు కారణమైన 1986 చట్టంలోనే, విడాకులు పొందిన స్త్రీకి చెల్లించని మహర్‌నూ, పెళ్లిలో ఆమెకు వచ్చిన ఆస్తినీ ఇప్పించే నిబంధన ఉంది. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు అదే చట్టం ఆధారంగా, పెళ్లినాడు తండ్రి ఇచ్చిన నగదు, బంగారం ఆ స్త్రీకే చెందుతాయని తీర్పు చెప్పింది. మన పక్షాన మాట్లాడిన వక్తలూ, మనల్ని దుయ్యబట్టిన వక్తలూ ఈ నిబంధనను ఎన్నిసార్లు ప్రస్తావించారో వేళ్లపై లెక్కించవచ్చు. ఇతరులు మన ఇంట్లో తలదూరుస్తున్నారని కోపగించుకునే హక్కు మనకు ఉంది. అదే కోపం మన బీరువాలోని సియాహా తీసి చూసేటప్పుడు కూడా రావాలని మా కోరిక.

వరంగల్‌లో మాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు అలా తీసి చూశారు. రెండు దీనారె సుర్ఖ్ కనబడింది. కంసాలి దగ్గరకు వెళ్లి లెక్క కట్టించుకొని, పింఛను వచ్చిన ప్రతి మొదటి తారీఖున కొంత చొప్పున కవరులో పెట్టి బేగం చేతికి ఇస్తున్నారు. ఆమె లెక్క పుస్తకం పెట్టింది. ఇంకా రెండు వాయిదాలున్నాయి. మొన్న మేము వెళ్లినప్పుడు ఆమె పరదా వెనుక నుండే చెప్పింది: “ఆఖరి వాయిదా మాత్రం తీసుకోనండీ. అదీ తీరిపోతే మొదటి తారీఖున ఈయన నా దగ్గర కూర్చుని చాయ్ తాగుతారో లేదో!”