మనోవ్యాధియు గ్రంథపఠనమును

తెలుగునాట ఉన్మాదమును గూర్చిన సామెతలకు కొదువ లేదు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అని నవ్వుదురు. "పిచ్చివాని చేతిలో రాయి" అని బెదరుదురు. హైదరాబాదులో ఎర్రగడ్డ యను పేట పేరే, అచ్చటి ఆస్పత్రి మూలమున, పరిహాసమునకు మారుపేరైనది. ఈ మాటలన్నిటియందును ఒక సమానధర్మము గలదు. ఇవి యన్నియు వెలుపల నిలిచి చూచువాని మాటలు. లోపల నున్నవాని మాట వీనిలో ఒక్కటియు లేదు.

నిమ్హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములయందు జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నట్లు తేలినది. వారిలో అత్యధికులకు చికిత్స యందుటలేదనియు తేలినది. ఈ లెక్కను పాఠశాలకు అన్వయించి చూచినచో, నలుబదిమంది పిల్లలున్న తరగతిలో తల్లియో, తండ్రియో, అన్నయో ఇట్టి వ్యాధికి లోనైన విద్యార్థులు కొందరైన నుండుట సంభావ్యమే. అట్టి బాలుడు ఇంటి సంగతి స్నేహితునకు చెప్పడు. స్నేహితుని ఇంటికి పిలువడు. ఉపాధ్యాయుడు తరగతిలో అలవాటుగా "నీకేమైన పిచ్చా?" అని గద్దించినపుడు తక్కినవారు నవ్వుదురు, అతడు తల వంచుకొనును. తన యింటివంటి యిల్లు ఏ గ్రంథములోనైన నున్నదా యని అతడు గ్రంథాలయములో వెదకినచో దొరకునది యేమి? ఉపాధ్యాయలోకము ఆలోచింపవలసిన ప్రశ్న యిది.

సాహిత్యములో ఉన్మాదులకు లోటు లేదు. లోటైనది వారి దృష్టి. షార్లెట్ బ్రాంటీ 1847లో ప్రకటించిన 'జేన్ ఐర్' నవలలో బెర్తా యను స్త్రీ మేడమీది గదిలో బంధింపబడి యుండును. ఆమె నవ్వు పాఠకునకు వినబడును గాని మాట వినబడదు. ఆమె కథకు అడ్డంకి. అంతకు మించి ఆమెకు స్థానము లేదు. నూటికి పైగా సంవత్సరములు గడచిన పిమ్మట, 1966లో, కరీబియను దీవులలో పుట్టి పెరిగిన జీన్ రీస్ అను రచయిత్రి 'వైడ్ సర్గాసో సీ' యను నవలలో ఆ స్త్రీకే నోరిచ్చెను. ఆమెకొక బాల్యము గలదనియు, ఆమెకొక పేరుండగా భర్త వేరొక పేరు పెట్టెననియు అప్పుడు లోకమునకు తెలిసినది. గది యదియే, స్త్రీ యామెయే. మారినది చూపు మాత్రమే. ఉన్మాదమును కథాసాధనముగా వాడుకొను గ్రంథమునకును, వ్యాధితోడి జీవితమును చిత్రించు గ్రంథమునకును గల భేదమును విద్యార్థులకు బోధించుటకు ఈ రెండు నవలలకంటె మంచి జత దొరకుట యరుదు.

ఆత్మకథల మార్గము మరియొకటి. అమెరికా దేశీయుడగు క్లిఫర్డ్ బీర్స్ పట్టభద్రుడై ఉద్యోగము చేయుచుండగా 1900లో మనోవ్యాధికి లోనై ఇంచుమించు మూడేండ్లు చికిత్సాలయములలో గడపెను. అచ్చట తాను పడిన దెబ్బలను, అవమానములను కోలుకొనిన పిమ్మట 1908లో గ్రంథరూపమున వెల్లడించెను. మరుసటి యేడే ఆ దేశములో మానసికారోగ్య పరిరక్షణకై జాతీయ సంఘము ఏర్పడుటకు ఆయన కృషియే కారణము. రోగి వ్రాసిన పుస్తకము లోకవ్యవహారమును కదలింపగలదనుట కిది నిదర్శనము. తరువాతి కాలమున మనోవిజ్ఞాన శాస్త్రవేత్త్రి కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ 1995లో 'యాన్ అన్‌క్వయట్ మైండ్' గ్రంథమున, తాను పాఠములు చెప్పు వ్యాధియే తనకును గలదని ప్రకటించెను. ఉత్సాహము హద్దు మీరి పొంగుటయు, వెంటనే విషాదములో మునుగుటయు గల ఆ వ్యాధికి లిథియము మందు పనిచేయుచున్నను, దానిని మానివేయవలెనను కోరిక తన్నెట్లు పీడించెనో ఆమె దాచక చెప్పినది. మందు ఎందుకు మానుదురని రోగులపై విసుగుకొను బంధువులు చదువదగిన పుటలవి.

భారతదేశమునందును ఇట్టి గ్రంథములు లేకపోలేదు. జెర్రీ పింటో 2012లో ఆంగ్లమున వెలువరించిన 'ఎమ్ అండ్ ది బిగ్ హూమ్' నవలకు 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. బొంబాయి మాహింలో ఒక చిన్న వాటాలో నలుగురు మనుష్యులు, తల్లికి మనోవ్యాధి. కథ చెప్పువాడు కుమారుడు. తల్లి హాస్యప్రియురాలు, బీడీ కాల్చును, టీ మీద టీ త్రాగును, మరునాడు బ్రతుకు వద్దనును. కుమారుడామెను ప్రేమించును, విసుగుకొనును, తనకును ఆ వ్యాధి వచ్చునేమో యని లోలోపల వణకును. ఈ మూడు భావములును ఒకే హృదయములో నుండుట పాపము కాదని ఆ నవల చెప్పకయే చెప్పును. హిందీ రచయిత స్వదేశ్ దీపక్ తాను అనుభవించిన ఏడేండ్ల వ్యాధిని 'మైనే మాండూ నహీ దేఖా' యను స్మృతిగ్రంథమున వ్రాసెను. ఆయన 2006లో ఒక ఉదయము ఇల్లు వెడలి పోయి తిరిగి రాలేదు. కోలుకొనుట యనునది ఒకమారు గెలిచి ముగించు యుద్ధము కాదని ఆ జీవితము గుర్తుచేయును.

తెలుగులో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' ఈ సందర్భమున స్మరింపదగినది. సీతారామారావు పతనమును విమర్శకులు తరచు విలువల సంఘర్షణగా, తాత్త్విక సమస్యగా వ్యాఖ్యానింతురు. అది సమంజసమే. కాని అదే నవలను, ఒక మనస్సు క్రమక్రమముగా తన పట్టు తానే కోల్పోవు తీరునకు సాక్ష్యముగా కూడ చదువవచ్చును. "అసమర్థుడు" అను తీర్పుతో ఆగిపోవు విద్యార్థిని, "ఇతనికెవరైన సాయపడి యుండవలసినది ఎప్పుడు?" అను ప్రశ్నవైపు త్రిప్పుట ఉపాధ్యాయుని చేతిలోని పని.

ఇట్టి గ్రంథములను వెదకుట సులభము కాదు. గ్రంథాలయములో నవలలు సాహిత్యవిభాగమున నుండును. ఆత్మకథలు కొన్ని జీవితచరిత్రలలోను, కొన్ని వైద్యశాస్త్రములోను చేరును. ఒకేచోట నుండవు గనుక చదివినవారు పట్టిక వ్రాసి ఉంచవలెను. ఎన్నికకు మూడు పరీక్షలు చాలును. గ్రంథములో రోగి తన నోటితో మాటలాడుచున్నాడా, లేక భయపెట్టుటకో నవ్వించుటకో తేబడినాడా? చికిత్స మంత్రముగాగాని నరకముగాగాని గాక, ఉన్నదున్నట్లు చెప్పబడినదా? వ్యాధి గాక తక్కిన బ్రతుకు, అనగా వంట, అప్పు, పరిహాసము, ప్రేమ, ఆ పుటలలో మిగిలియున్నదా? ఈ మూటికిని "ఔను" అను సమాధానము వచ్చిన గ్రంథము చదువదగినది, తెలుగులోనికి తేదగినది.

ఒక హెచ్చరికయు అవసరము. సిల్వియా ప్లాత్ 'ది బెల్ జార్' నవల 1963 జనవరిలో మారుపేరుతో వెలువడెను. మరుసటి నెలలోనే ఆమె ఆత్మహత్య చేసికొనెను. అది గొప్ప నవలయే. అయినను ఒంటరిగా కుములుచున్న పిల్లవాని చేతిలో, తోడు లేకుండ, పెట్టదగినది కాదు. ఉపాధ్యాయుడు ముందు తాను చదివి, పిమ్మట విద్యార్థితో కూర్చుండి మాటలాడవలెను. గ్రంథము తోడు కాగలదు గాని వైద్యుడు కాజాలదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసిన ఉచితముగా సలహా లభించును. ఈ సంఖ్య ప్రతి తరగతి గోడపైనను ఉండదగినది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, గౌరవముతో జీవించు హక్కు మనోవ్యాధిగ్రస్తునకు గలదని చెప్పినది. చట్టము హక్కు నీయగలదు; గౌరవించు అలవాటును నేర్పునది ఇల్లును, బడియును. ఆ అలవాటునకు తొలిమెట్టు మిక్కిలి చిన్నది: తరగతి గదిలో "పిచ్చా?" అను గద్దింపు మానుట. రెండవ మెట్టు, గ్రంథాలయపు బీరువాలో ఒక్క పుస్తకమైనను చేర్చుట. తల వంచుకొనిన బాలుడు ఏదో యొక మధ్యాహ్నము దానిని తీసి, తన యింటిని అందులో గుర్తించి, తల యెత్తవచ్చును.