చివరి మడికి ఎన్ని నీళ్లు?

ఆలంపూర్ పటం ఒకసారి తీసి చూడండి. పైన కృష్ణ, పక్కన తుంగభద్ర, రెండూ కలిసే చోటు అక్కడికి దగ్గర్లోనే. రెండు నదుల నడుమ ఉన్నది కాబట్టే దాన్ని నడిగడ్డ అంటరు. పటం చూసినోళ్లకు ఇక్కడ నీళ్లకేం తక్కువ అనిపిస్తది. కానీ కాలువ పక్కన ఉండి కూడా బోరు మీద బతికే రైతు, బోరు ఎండినంక కూలికి పోయిన రైతు, ఇద్దరూ ఆ నేల మీదనే ఉన్నరు. దేశంలో యాడ డ్యాం కట్టినా తట్ట మోసింది పాలమూరు లేబరే అని మన పెద్దలు చెప్పే మాట తెలుసు కదా. ఊరూరికీ కాలువ తవ్విన చేతులవి. వాళ్ల ఊరి కాలువకు మాత్రం చివరిదాకా నీళ్లు రాలె.

ఆ కాలువ పేరు ఆర్డీఎస్, రాజోలిబండ మళ్లింపు పథకం. కర్ణాటకలో, రాయచూరు జిల్లా రాజోలిబండ దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట ఉంటది. అక్కడి నుంచి ఎడమ కాలువ 143 కిలోమీటర్లు. మొదటి 42 కిలోమీటర్లకు పైగా కర్ణాటకలోనే పోతది, తర్వాత మన వైపు వస్తది. 1950లలో కట్టినప్పుడు పాలమూరు వైపు 87,500 ఎకరాలు తడుస్తాయని రాసిండ్రు. బచావత్ ట్రిబ్యునల్ ఈ ఆయకట్టుకు 15.9 టీఎంసీలు ఇచ్చింది. లెక్క మీరే వేయండి. 15.9 టీఎంసీలను 87,500 ఎకరాలకు పంచితే ఎకరం మీద నాలుగడుగుల ఎత్తు నీళ్లు నిలబడాలె. కాగితం మీద ఏ లోటూ లేదు. పొలంలో చూస్తే అందులో సగం కూడా రాని ఏళ్లే ఎక్కువ. ఆలంపూర్ చివరి ఊళ్ల సంగతైతే చెప్పనక్కర్లేదు.

ఎందుకిట్ల? ఒక్క దొంగను పట్టుకుంటే తెగే పంచాయితీ కాదిది. ఆనకట్ట ముందు పూడిక చేరింది, తూము దగ్గరే నీటిమట్టం సరిపోదు. కాలువ అడుగున మట్టి పేరుకుంటే నీళ్లు నెమ్మదిగా నడుస్తయి, నెమ్మదిగా నడిచే కొద్దీ ఇంకింత మట్టి పేరుకుంటది. లైనింగ్ పగిలిన చోట ఇంకిపోతయి. పైనున్నోళ్లు గండి కొడతరు, మోటార్లు పెడతరు. ఒక్కో కిలోమీటరుకు పోయేది కొంచెమే, కానీ అన్ని కిలోమీటర్ల 'కొంచెం' కలిసి చివరి రైతు వాటాలోంచే కోత పడతది. పైగా తల ఒక రాష్ట్రంలో, తోక ఇంకో రాష్ట్రంలో. తల దగ్గర షట్టర్ రిపేరు కావాలంటే తోక దగ్గరున్న రైతు ఎవరిని అడగాలె?

ఇక్కడ ఒక మాట. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతదని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి, తెచ్చి, ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టిండ్రు. వెయ్యేళ్లకు పైబడిన గుడి అది. అంత పని చేతనైన దేశానికి కాలువలో పూడిక తీయడం చేతగాదంటే నేను నమ్మను.

చివరికి ఏం చేసిండ్రంటే, తల నుంచి నీళ్లు రావడం లేదు కాబట్టి తోక దగ్గర మోటార్ పెట్టిండ్రు. అదే తుమ్మిళ్ల ఎత్తిపోతల. సుంకేసుల వెనక నీళ్లను తుంగభద్ర నుంచి ఎత్తి ఆర్డీఎస్ కాలువలోనే పోస్తరు. 2018లో మొదలైంది, లక్ష్యం 55,600 ఎకరాలు. అవసరమైన పనే, కాదనను. కానీ వాలు మీద తనంతట తాను రావాల్సిన నీళ్లను ఇయ్యాల కరెంటు బిల్లు కట్టి ఎత్తుకుంటున్నమని మర్చిపోవద్దు. ఇంకోటి, ఎత్తిన నీళ్లను నిలబెట్టుకునే చెరువు లేకపోతే నది పారినన్ని రోజులే మోటార్ పనికొస్తది. మల్లమ్మకుంట, జూలకల్లు, వల్లూరు రిజర్వాయర్లు అనుకున్నది అందుకే. మోటార్ ముందొచ్చింది, చెరువులు వెనకబడ్డయి. మన దగ్గర ఎప్పుడూ ఇంతే, రిబ్బన్ కట్ చేయడానికి పనికొచ్చేది ముందు వస్తది.

ఇదంతా మనకెందుకు అంటరా? సంగమం దాటిన నీళ్లు ఎటు పోతయో చూడండి. శ్రీశైలం వైపు, నల్లమలను ఒరుసుకుంటూ. గట్టు మీద చెంచు పెంటలు. కింద లోయలో కృష్ణమ్మ, పైన తాగడానికి చెలిమె. నది పక్కన ఉండటం వేరు, నీళ్లు మడిలోకి రావడం వేరు. ఈ తేడా నడిగడ్డకు ఎంత తెలుసో నల్లమలకూ అంతే తెలుసు.

ఆ నల్లమలలోనే, అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే 19న ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టిండ్రు. అటవీ హక్కుల పట్టా ఉన్న భూములకు బోరు, సోలార్ పంపు, డ్రిప్పు, అన్నీ పూర్తి సబ్సిడీ మీద. ఐదేళ్లలో 12,600 కోట్లు, 6 లక్షల ఎకరాలు, 2.10 లక్షల మంది గిరిజన రైతులు. అంకె చూడగానే నాకు 87,500 గుర్తొచ్చింది. పథకం చెడ్డదని కాదు. పట్టా చేతిలో పెట్టి చుక్క నీళ్లియ్యని రోజులతో పోలిస్తే ఇది మనం కొట్లాడి తెచ్చుకున్నదే. కానీ ఎన్ని ఎకరాలకు 'మంజూరైంది' అనే లెక్క సర్కారు రాసుకుంటది. ఎన్ని ఎకరాలు తడిసినయి అనే లెక్క మనం రాయకపోతే ఎవరూ రాయరు. డిగ్రీ చదివిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ పని మీది.

లెక్క కష్టమేం కాదు. ఒక ఎకరం మీద అంగుళం ఎత్తు నీళ్లు కావాలంటే సుమారు లక్ష లీటర్లు. ఇది గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు 5 హెచ్‌పీ సోలార్ పంపు తీసుకోండి. మోటార్ల, పైపుల పోయేది పోను అందులో 40 శాతం శక్తి నీళ్లెత్తడానికి పనికొస్తదనుకుందాం. నీళ్లు 160 అడుగుల లోతు నుంచి వస్తే సెకనుకు మూడు లీటర్లు. మంచి ఎండ ఆరు గంటలు అనుకుంటే రోజుకు 65 వేల లీటర్లు. అదే 320 అడుగుల నుంచైతే అందులో సగం. అంటే మొదటి బోరుతో కూరగాయలకు డ్రిప్పు వేస్తే మూడు ఎకరాలు పారుతది, రెండో బోరుతో ఎకరంన్నర. వరి మాట రెండింట్లోనూ ఎత్తొద్దు. పంపు అదే, కంపెనీ అదే, బిల్లు అదే. లోతు ఒక్కటి మారితే మీ పొలం సగమైపోతది. కాబట్టి ఎన్ని హెచ్‌పీ అని అడిగే ముందు ఎన్ని అడుగులు అని అడగండి. ఎండకాలం ఎన్ని అడుగులు అని మళ్లీ అడగండి.

బోరులో ఊట ఎంతుందో చూడకుండా పెద్ద మోటార్ దింపితే అది నీళ్లు గుంజి గుంజి గాలి పీలుస్తది, కాలిపోతది. ఊట కొలవడానికి ఇంజినీరు అక్కర్లేదు. రెండొందల లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. 65 సెకన్లకు నిండితే మూడు లీటర్లు. మొదటి పది నిమిషాల లెక్క కాదు, నాలుగు గంటలు నడిచినంక వచ్చే లెక్కే అసలు లెక్క.

ఇక వంతుల సంగతి. ఇద్దరు ముగ్గురు రైతులకు కలిపి ఒక పంపు వచ్చే చోట ఇది ముఖ్యం. సోలార్ పంపు పొద్దంతా ఒక్క తీరుగ పోయదు. పొద్దున ఎనిమిదికి వచ్చే ధార వేరు, పన్నెండుకు వచ్చే ధార వేరు. గంటలు సమానంగా పంచుకున్నమని సంబరపడితే, పొద్దటి వంతు వచ్చినోడికి నడి పగటి వంతు వచ్చినోడి కంటే చాలా తక్కువ నీళ్లొస్తయి. కాలువకు చివరి మడి ఎట్ల ఉంటదో సోలార్‌కు చివరి గంట అట్ల ఉంటది. ఆ చివరి గంట ఎవరికి పడతదో మీకు చెప్పాల్నా? ఒంటరి ఆడమనిషికి, ముసలామెకు, గట్టిగ మాట్లాడలేని ఇంటికి. వారం వారం వంతు మార్చండి. అంతకంటే మంచిది, మెరక మీద ఒక ట్యాంకు కట్టి దాంట్లో నింపి, అక్కడి నుంచి లీటర్ల లెక్కన వదలండి. నల్లమలలో వాలు ఊరికే దొరుకుతది కదా. ఆ వాలు మీద తక్కువ ఒత్తిడితో నడిచే డ్రిప్పు పైపులు చిన్న మడులకు సరిపోతయి.

వాగు పక్కన మడులుండి, బోరు కాకుండా చిన్న కాలువ కావాలనుకునే ఊళ్లూ ఉన్నయి. వాళ్లకు ఒక చెక్క పలక చాలు. దాంట్ల పైనుంచి 90 డిగ్రీల కోణంలో గాటు కొట్టి పిల్లకాలువకు అడ్డం పెట్టండి, నీళ్లు గాటులోంచే దూకాలె. పలకకు కొంచెం ఎగువన, గాటు మొన నుంచి నీటిమట్టం ఎంత ఎత్తుందో కొలవండి. 10 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు నాలుగున్నర లీటర్లు. 20 ఉంటే తొమ్మిది కాదు, దగ్గర దగ్గర 25 లీటర్లు! ఎత్తు రెట్టింపైతే నీళ్లు ఐదున్నర రెట్లు దాటుతయి. కంటిచూపుతో పంచుకుంటే ఎందుకు కొట్లాటలైతయో ఈ ఒక్క ముక్కతో అర్థమైతది. ఆర్డీఎస్ ఆయకట్టులో ప్రతి తూముకాడ ఇట్లాంటి పలక ఒకటి ఉండి, ప్రతి రోజూ ఒకరు రాసి ఉంటే, చివరి ఊరి రైతు చేతిలో ఇయ్యాల ఒక పుస్తకం ఉండేది. దరఖాస్తు కంటే ఆ పుస్తకం బరువెక్కువ.

అడవిలో పైపు వేయొద్దు, కాలువ తీయొద్దు, బండి రావొద్దు అని ఆపితే ఏం చెప్పాలె? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదివి పెట్టుకోండి. చిన్న నీటి కాలువలు, చెరువులు, నీటి పైపులైన్లు, కరెంటు తీగలు, సంప్రదాయేతర ఇంధనం, ఇవన్నీ అందులో పేరు పేరునా ఉన్నయి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్ల లోపు, గ్రామసభ సిఫారసు. ఆ మూడో షరతు మన చేతిలోనే ఉన్నది. తీర్మానం తెలుగులో రాయండి, సర్వే నంబరు వేయండి, వచ్చినోళ్లందరి సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి.

నీళ్లొస్తే వెనకనే యంత్రాలొస్తయి. ఇక్కడ కూడా నడిగడ్డను చూసి నేర్చుకోవాలె. పాతకాలం గొర్రు, దాని మీద జడ్డిగం, వెదురు గొట్టాలు: ఒక్క సాలు జొన్న, పక్కన కంది, అన్నీ ఒక్క జత ఎడ్లతో విత్తేటోళ్లు. ట్రాక్టర్ వచ్చినంక సాలు వెడల్పు ట్రాక్టర్ చెప్పింది. సాలు మారితే పంట మారింది, కలిపి వేసే పంటలు పోయి పత్తి ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అక్కడ అర ఎకరం, ఎకరం సీడు పత్తి మడుల్లో ఆడోళ్లు రోజంతా వంగి పువ్వు పువ్వుకు పని చేస్తున్నరు. ఆ నడుము నొప్పికి మాత్రం ఏ యంత్రం రాలె. మనకు పెద్ద రొటోవేటర్ వద్దు. రాళ్ల నేలలో, అర ఎకరం మడిలో అది తిరగడానికే డీజిల్ అంతా పోతది. ఒక మనిషి ఎత్తి గట్టు దాటించగల పవర్ వీడర్, పాత సైకిల్ చక్రంతో చేసిన దంతె, జొన్నా కందీ కలిపి విత్తే చిన్న గొర్రు కావాలె. హైదరాబాద్‌లో మెట్ట సేద్యం మీద పనిచేసే క్రిడా, భోపాల్‌లో వ్యవసాయ యంత్రాల సంస్థ సీఐఏఈ ఇట్లాంటివి తయారు చేసిన కేంద్ర సంస్థలే. అక్కడ గీసిన బొమ్మ మన పెంటకు ఎందుకు రాదని ఐటీడీఏను అడగాలె. వచ్చిన యంత్రాన్ని ముందు ఆడోళ్లు పట్టుకొని నడిపి చూడాలె, బరువైతే వెనక్కి పంపాలె.

రిపేరు సంగతి చివర్లో చెప్తున్నా గానీ అన్నిటికంటే ముందు తెగేది అక్కడే. సోలార్ పలక ఇరవై ఏళ్లకు పైగానే నిలబడతది. మోటార్, కంట్రోలర్ అంత కాలం నిలబడవు. కంట్రోలర్ పోయిన రోజు ఫోన్ చేస్తే మెకానిక్ యాడి నుంచి రావాలె? సంతకం పెట్టే కాగితంలో ఎన్నేళ్ల నిర్వహణ, ఎన్ని రోజుల్లో బాగుచేయాలె, ఎవరి నంబరు అన్నది రాసి ఉన్నదో లేదో చూడండి. ఐటీఐ చదివిన మన పిల్లలు మండలానికి ఇద్దరికి ఈ పని నేర్పి జీతం ఇయ్యాలె, ఆ డిమాండ్ తీర్మానంలో రాయండి.

ఈ నెల గ్రామసభకు ఒక నోటుబుక్కు తీసుకపోండి. పేజీకో పట్టా: పేరు, ఎకరాలు, దగ్గరి బోరు లోతు, మాఘంలో నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నయి, వైశాఖంలో ఎన్ని అడుగుల్లో ఉన్నయి, డ్రమ్ము ఎన్ని సెకన్లకు నిండింది. సర్వే టీం వచ్చిన రోజు ఒక జిరాక్స్ కాపీ వాళ్ల చేతికిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. అసలు పుస్తకం మాత్రం ఊళ్లోనే ఉండాలె.