గృహపరిశ్రమలు: తొట్టిలో చేపల పెంపకము

మదీనాగూడనుండి ఒక సోదరి యిట్లు వ్రాసినారు: “మా యింటివెనుక కొంత ఖాళీస్థలము కలదు. వేసవిలో బోరు ఎండిపోవును. నీటికి ట్యాంకరే గతి. స్వల్పజలముతో తొట్టిలో బొచ్చె, బంగారుతీగ పెంచి లాభము పొందవచ్చునని ఒక వర్తకుడు చెప్పుచు, నేను కూడబెట్టిన సొమ్మంతయు పెట్టుమనుచున్నాడు. పెట్టవచ్చునా?”

సోదరీ! ఇది అనేకుల సందేహము కావున ఇచ్చటనే బదులు వ్రాయుచున్నాను.

నీరు తక్కువ పట్టునన్న మాట సత్యమే. ఈ పద్ధతిలో తొట్టినీటిని పాఱబోయక, శుభ్రపఱచి మరల తొట్టిలోనికే పంపుదురు. మొదటి జల్లెడ మలమును, మిగిలిన మేతను పట్టును. తరువాతి తొట్టిలో కంటికి కానరాని సూక్ష్మజీవులుండును. చేపలు విడిచెడి అమోనియా విషము. ఆ జీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రైటును విషమే, నైట్రేటువలన హాని మిక్కిలి తక్కువ. అందుచేత దినమునకు పదవవంతు నీరో, అంతకంటె తక్కువయో మార్చిన చాలును.

అయితే ఆ జీవులు రాత్రి వేసిన తోడు తెల్లవాఱునప్పటికి పెరుగైనట్లు వృద్ధిపొందవు. 4 మొదలు 6 వారములు పట్టును. అంతకుముందే తొట్టినిండ చేపలను విడిచినచో చచ్చును. విద్యుత్తు ఆగినను ముప్పే. చేపలు కిక్కిరిసిన తొట్టిలో ప్రాణవాయువు కొద్దిసేపటిలోనే తఱిగిపోవును. కనుక వేఱొక విద్యుత్సాధనము సిద్ధముగా నుండవలెను.

ఇక లాభము. కొల్లేటి ప్రాంతమున, కైకలూరు భీమవరముల చెఱువులలో బొచ్చె, రోహు చేపలు విస్తారముగా పెరుగుచున్నవి. వానికి రేయింబవళ్లు నీటిని త్రిప్పు యంత్రము అక్కఱలేదు. మీ తొట్టిచేప ఆ యంత్రపు ఖర్చును మోయుచు అదే బజారులో వానితో పోటీపడవలెను. మృగశిరనాడు గిరాకి యున్నను, ఒక్కనాటి గిరాకి యేడాది కరెంటుబిల్లును తీర్చదు. ఇందుచేతనే పలువురు ఇట్టి తొట్టెలలో ఎక్కువ ధర పలుకు కొఱ్ఱమీనును పెంచుచున్నారు. 2016లో తెలంగాణ రాష్ట్రచేపగా ప్రకటింపబడినది ఇదియే. ఇది గాలినికూడ పీల్చగలదు. కాని పెద్దవి చిన్నవానిని మ్రింగును గావున పరిమాణమునుబట్టి వేఱుచేయుచుండవలెను.

2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో స్త్రీలకు వ్యయమున 60 శాతమువఱకు సహాయము నిర్ణయింపబడినది. ఇప్పు డేది లభించునో జిల్లా మత్స్యశాఖవారి నడుగుడు. 2006లో స్థాపింపబడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలి కార్యాలయము హైదరాబాదులోనే కలదు.

కావున సొమ్మంతయు పెట్టకుడు. పోయినను ఇల్లు గడచునంత మాత్రమే పెట్టి, ఒక చిన్నతొట్టితో ఒక పంట చూడుడు. పిల్లచేపల వెల, మేత, విద్యుత్తు, చచ్చిన చేపలు — అన్నియు దినదినము పద్దు వ్రాయుడు. వర్తకుని మాటకంటె మీ పద్దుపుస్తకమే మీకు హితము చెప్పును.