నదికి దక్కని వంతు

కెనడా దేశపు పశ్చిమ భాగాన, రాకీ పర్వతాల తూర్పు వాలులో పుట్టిన బో, ఓల్డ్‌మన్ నదులు ఆల్బర్టా రాష్ట్రపు మైదానాలలో సంగమించి సౌత్ సస్కాచెవాన్ నదిగా రూపొందుతాయి. తూర్పు సరిహద్దు దాటిన వెంటనే రెడ్ డీర్ నది కూడ వీటితో చేరుతుంది. ఈ జలమంతా సస్కాచెవాన్, మానిటోబా రాష్ట్రాల మీదుగా సాగి చివరకు హడ్సన్ అఖాతంలో కలుస్తుంది. నదులు పారే నేల ప్రెయిరీ. కనుచూపు మేర పచ్చికయే తప్ప చెట్టు కానరాని తృణభూమి. అక్కడ వర్షపాతం స్వల్పం. శీతకాలమంతా కొండలపై పేరుకొన్న మంచు కరిగితేనే నదులు నిండుతాయి. జూన్‌లో పొంగిన ప్రవాహం, పైరు దప్పిగొనే ఆగస్టు నాటికి సన్నగిల్లుతుంది. కొరతకు మూలం ఈ ప్రకృతి లక్షణంలోనే ఉంది.

ఈ సత్యం మొదటనే తెలియకపోలేదు. 1857-60 సంవత్సరాల మధ్య ఈ ప్రాంతాన్ని పరిశీలించిన జాన్ పాలిసర్, దక్షిణాన ఒక విశాలమైన త్రిభుజాకార భూభాగం సేద్యానికి పనికిరాదని నివేదించాడు. కాని 1883లో కాల్గరీకి రైలు వచ్చింది. రైలు వెంట వలస రైతులూ వచ్చారు. వారి కోసం కాలువలు తవ్వక తప్పలేదు. 1894లో చేసిన సేద్యపు నీటి చట్టం జలమంతా ప్రభుత్వానిదేనని ప్రకటించి, వినియోగానికి అనుమతి పత్రాలు ఇచ్చే పద్ధతిని నెలకొల్పింది. ముందు తేదీ పత్రం గలవారిదే ముందు హక్కు. నీరు తగ్గిన ఏడు కోత అందరికీ సమంగా పడదు. వరుసలో చివరివారితో మొదలై పైకి పోతుంది.

ఈ నియమాన్ని సమర్థించేవారి మాటలో సారం లేకపోలేదు. రేపు నీరు వస్తుందన్న భరోసా లేనిదే ఏ రైతు కాలువపై పెట్టుబడి పెడతాడు? తెలుగువారికి ఈ వాదం కొత్తది కాదు. కృష్ణా జలాల వివాదంలో 1973 నాటి బచావత్ ట్రిబ్యునల్ తీర్పు సైతం అప్పటికే వాడుకలో ఉన్న నీటికి రక్షణ కల్పించింది. అయితే ముందు వచ్చినవారు ఎవరు అన్న ప్రశ్నకు 1894 చట్టం చెప్పిన సమాధానం విచిత్రమైనది. ఆ తీరాలలో తరతరాలుగా జీవిస్తూ, 1877లోనే ప్రభుత్వంతో ఏడవ ఒడంబడిక చేసుకొన్న సిక్సికా, కైనై, పికానీ తదితర ఆదివాసి జాతులకు ఆ వరుసలో మొదటి స్థానం దక్కలేదు.

నది మాట సరేసరి! 2006లో ఆమోదం పొందిన పరీవాహక ప్రణాళిక బో, ఓల్డ్‌మన్, సౌత్ సస్కాచెవాన్ నదుల నీటికి కొత్త దరఖాస్తులు స్వీకరించరాదని నిర్ణయించింది. ఉన్న నీటిని మించి హక్కులు పంచామని ఒప్పుకొన్న ఆ ధైర్యం ప్రశంసనీయమే. సహజ ప్రవాహంలో కనీసం 45 శాతం నదిలో మిగలాలన్న లక్ష్యాన్ని కూడ అది బో, ఓల్డ్‌మన్ నదులకు నిర్దేశించింది. కాని ఆ లక్ష్యం పాత పత్రాలను తాకదు. కొత్తగా వచ్చేవారికే వర్తిస్తుంది. కొత్తవారికి తలుపు మూసిన తరువాత, కొత్తవారిపై మాత్రమే నిబంధన పెట్టడంలో ప్రయోజనమేమి? చేపలకూ, తీరపు చెట్లకూ ఆధారమైన నీరు వరుసలో అందరికంటె వెనుక నిలిచింది. దిగువనున్న సస్కాచెవాన్ రాష్ట్రం ఇంతకంటె అదృష్టవంతురాలు. 1969 ఒప్పందం ప్రకారం సహజ ప్రవాహంలో సగం దానికి వదలవలసిందే.

తలుపు మూసినంత మాత్రాన గిరాకి ఆగలేదు. హక్కుల క్రయవిక్రయాలు మొదలైనాయి. 2007లో కాల్గరీ శివారున కట్టదలచిన భారీ వ్యాపార సముదాయం కోసం ఒక సేద్యపు సంఘం తన నీటిలో కొంత భాగాన్ని సుమారు కోటిన్నర డాలర్లకు ఇచ్చింది. తెరపి కాలువల స్థానంలో పైపులు వేసి సంఘాలు నీటిని పొదుపు చేస్తున్న మాట నిజమే. పొదుపైన నీరు నదికి చేరుతున్నదా? 2020లో ప్రకటించిన ఆధునికీకరణ పథకం 2 లక్షలకు పైగా ఎకరాల కొత్త ఆయకట్టును ఆశించింది.

అయినా ఆ రైతులు వరుసను విడువగలరని అనుభవం చెబుతోంది. 2001 కరవులో ఓల్డ్‌మన్ ఉపనదుల కింద పెద్ద హక్కులు గలవారు తమ ఆధిక్యాన్ని పట్టుబట్టక, ఉన్న నీటిని చిన్నవారితో పంచుకొన్నారు. 2024 ఏప్రిల్‌లో 38 మంది ప్రధాన వినియోగదారులు అదే బాటలో నాలుగు ఒప్పందాలు చేసుకొన్నారు. ఇవన్నీ స్వచ్ఛందమైనవి, కరవు ముంచుకొచ్చినప్పుడు చేసుకొన్నవి. పంపకపు సూత్రాన్ని చట్టంలో ముందే రాసి ఉంచడం మేలు. హక్కు చేతులు మారినప్పుడు 10 శాతం వరకు నది కోసం నిలుపుకొనే అధికారాన్ని 1999లో అమలులోకి వచ్చిన జలచట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. దానిని అధికారుల ఇష్టానికి వదలక, ప్రతి బదిలీలోనూ తప్పనిసరి చేయవలసి ఉంది. ప్రజాధనంతో వేసిన పైపుల వల్ల మిగిలే నీటిలోనూ నదికి వాటా రాయవలసి ఉంది.